మీ ఫోన్ అప్‌టుడేట్‌గా ఉంది

అమ్మ ఫోనులో బ్యాంకు యాప్ తెరిచినప్పుడల్లా ఏదో మెసేజ్ వస్తోందట. "ఓకే నొక్కితే పోతోంది గానీ మళ్ళీ వస్తోందిరా, ఓసారి చూడు" అని ఫోను చేతికిచ్చింది. ఈ ఆండ్రాయిడ్ వెర్షన్ మీద తమ యాప్ ఇక ఎక్కువ రోజులు పని చేయదనీ, ఫోను అప్‌డేట్ చేసుకోమనీ దాని సారాంశం. సరే అని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సిస్టమ్ అప్‌డేట్ నొక్కాను. చక్రం కాసేపు తిరిగింది. తిరిగి తిరిగి పెద్ద పచ్చ టిక్కు పడింది. "మీ ఫోన్ అప్‌టుడేట్‌గా ఉంది." దాని కింద, కళ్ళజోడు ఉంటే తప్ప ఆనని అక్షరాల్లో, ఆఖరి సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాల్ని పూడ్చే చిన్న అప్‌డేట్) తేదీ. రెండేళ్ళు దాటింది.

అమ్మ నా భుజం మీంచి తొంగి చూసి, "బానే ఉందంటోందిగా!" అంది.

అదే వారంలో నా ఫోను గోల ఒకటి నడుస్తోంది. ఆఫీసులో నా పక్క సీటాయనదీ నాదీ ఒకటే మోడల్, ఇంచుమించు ఒకేసారి కొన్నవి. ఆయనకి కొత్త వెర్షన్ వచ్చేసింది, నాకు రాలేదు. పొద్దున లేవగానే మొహం కడుక్కోక ముందే అప్‌డేట్ బటన్ నొక్కి చూడటం, లేదంటే విసుక్కోవడం, మధ్యాహ్నం మళ్ళీ నొక్కడం. మూడు వారాలు ఇదే పని. ఆ మూడు వారాల్లో ఫోను కంపెనీని తిట్టని రోజు లేదు. అమ్మ ఫోను సంగతి మాత్రం చూసిన సాయంత్రానికే మర్చిపోయాను.

ఇది రాయడానికి కారణం ఆ మర్చిపోవడమే. అప్‌డేట్లు ఎందుకింత ఆలస్యం అని అందరం అడుగుతాం, నేనూ అడిగాను. కానీ ఆ ఒక్క మాట కింద రెండు వేరువేరు ఆలస్యాలున్నాయి. మనం గొడవ చేసేది ఒకదాని గురించి, నష్టపోయేది రెండో దానివల్ల.

చిప్పు దగ్గర తెగే దారం

అప్‌డేట్ వచ్చే దారి ఇది: ఆండ్రాయిడ్ తయారు చేసే గూగుల్ నుంచి చిప్పు కంపెనీకి, అక్కణ్ణుంచి ఫోను కంపెనీకి, ఆ తర్వాత నెట్‌వర్క్ వాళ్ళ పరీక్షలకి, చివరికి మనకి. ఈ వరస తెలిసిందే. సాధారణంగా అందరూ ఫోను కంపెనీనే ఆడిపోసుకుంటారు, పేరు దానిదే కనిపిస్తుంది కాబట్టి. నాకు మాత్రం ఈ వరసలో ఆసక్తిగా అనిపించేది రెండో మెట్టు.

గెలాక్సీ నెక్సస్ గుర్తుండే ఉంటుంది. 2011 చివర్లో వచ్చింది. గూగుల్ సొంత ఫోను, కంపెనీ అలంకారాలేవీ లేని శుద్ధమైన ఆండ్రాయిడ్. అప్‌డేట్లు అందరికంటే ముందు రావాల్సింది దానికే. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చేసరికి దానికి లేదు పొమ్మన్నారు. అప్‌డేట్లు ఇవ్వడానికి పెట్టుకున్న 18 నెలల గడువు దాటిందని గూగుల్ చెప్పింది. కానీ అప్పటికే, లోపలి చిప్పు తయారు చేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఫోను చిప్పుల వ్యాపారం నుంచే తప్పుకుంది. కెమెరా, గ్రాఫిక్స్, మోడెమ్‌లతో మాట్లాడే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లలో చాలా భాగం చిప్పు చేసినవాడి దగ్గరే ఉంటుంది. వాడు సర్దుకుని వెళ్ళిపోతే ఆండ్రాయిడ్‌ని తయారు చేసినవాడికైనా కష్టమే.

యాపిల్‌కి ఈ బాధ లేదు. చిప్పు తనదే, ఫోను తనదే, సాఫ్ట్‌వేర్ తనదే. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. దీన్ని చూపించి ఆండ్రాయిడ్ వాళ్ళని దెప్పడం తేలిక. తులన సరైనది కాదని నేనే చాలాసార్లు వాదించాను: ఒక ఇంట్లో జరిగే పనికీ, నాలుగిళ్ళ మధ్య తిరిగే పనికీ పోలికేంటని.

అలా వాదించడం ఫెయిర్‌ఫోన్ 2 కథ చదివాక మానేశాను. నెదర్లాండ్స్‌లో ఓ చిన్న కంపెనీ. 2015 చివర్లో ఆ ఫోను వచ్చింది. లోపలి క్వాల్‌కామ్ చిప్పుకి ఆండ్రాయిడ్ 6 తర్వాత మద్దతు ఆగిపోయింది. పెద్ద కంపెనీలైతే అక్కడితో చేతులు దులుపుకునేవి. వీళ్ళు దొరికిన కోడ్‌తో, బయటి డెవలపర్ల సాయంతో కిందామీదా పడి 7కి తెచ్చారు. తర్వాత 8ని వదిలేసి 2021లో 9కి, ఆ పైన 10కి తెచ్చారు. 2023లో గానీ ఆ ఫోనుని వదల్లేదు. గూగుల్ పరీక్షలు లక్షల్లో ఉంటాయి, అవన్నీ చిప్పు కంపెనీ తోడు లేకుండానే దాటారు.

ఇందులో మెచ్చుకోలు ఎంత, జాలి ఎంత అన్నది నాకూ తేలలేదు. గూగుల్ విడుదల చేసిన ఆండ్రాయిడ్ 7 వాళ్ళ ఫోనుకి చేరడానికి రెండేళ్ళు పట్టింది. పైగా వాళ్ళకున్నవి ఒకటీ అరా మోడళ్ళు. పదుల మోడళ్ళు, ఒక్కో మోడల్‌కి దేశానికో రకం ఉన్న కంపెనీ ఆ పని చేయగలదా అంటే చెప్పలేను. కానీ 'కుదరదు' అన్న మాటని మాత్రం అప్పట్నుంచి అనుమానంగానే వింటున్నాను.

స్థలం చాలలేదట

అనుమానానికి ఇంకో పాత కారణం కూడా ఉంది. 2011 చివర్లో, ఆండ్రాయిడ్ 4.0 వచ్చినప్పుడు, అప్పటికి బ్రహ్మాండంగా అమ్ముడైన గెలాక్సీ ఎస్‌కి దాన్ని ఇవ్వలేమని శాంసంగ్ చెప్పింది. కారణం, మెమరీ చాలదని. చూడబోతే అది నిజమే. కానీ అది చాలకుండా పోయింది ఆండ్రాయిడ్ పైన వాళ్ళు పూసిన టచ్‌విజ్ అనే సొంత హంగుల వల్ల, తోసిన అదనపు సాఫ్ట్‌వేర్ వల్ల. ఇంచుమించు అదే సరంజామాతో శాంసంగే తయారు చేసిన నెక్సస్ ఎస్‌కి అదే ఆండ్రాయిడ్ 4.0 వచ్చింది కూడా. ఇల్లంతా సామాను పరుచుకుని, చుట్టం వస్తే పడుకోబెట్టడానికి చోటు లేదనడం లాంటిది.

అదే ఏడాది మే నెలలో గూగుల్ సభలో, కంపెనీలూ నెట్‌వర్క్‌లూ అందరూ కలిసి, కొత్త ఫోన్లకి 18 నెలలు అప్‌డేట్లు ఇస్తామని వేదిక మీద చెప్పారు. హార్డ్‌వేర్ సహకరిస్తే, అని చిన్న మెలిక. ఆ తర్వాత ఆ కూటమి ఊసే లేదు.

పక్క సీటాయన హెడ్‌సెట్

ఇంతవరకూ కంపెనీల మీద కోపంగానే రాశాను. ఇప్పుడు నా మూడు వారాల సంగతికొస్తాను.

పక్క సీటాయన కొత్త వెర్షన్ వేసుకున్న రెండో రోజునుంచీ మీటింగుల్లో ఆయన గొంతు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. బ్లూటూత్ హెడ్‌సెట్ నాలుగు నిమిషాలకోసారి తెగిపోయేది. తీసి మళ్ళీ జత చేసుకునేవాడు. రీసెట్ చేశాడు, హెడ్‌సెట్‌దే తప్పనుకుని ఇంకొకటి తెచ్చుకున్నాడు, అదీ అంతే. ఆఖరికి ఫోను చెవికి ఆనించుకుని ఒంటి చేత్తో టైపు చేస్తూ కనిపించేవాడు. పన్నెండో రోజున ఆయనకి ఇంకో చిన్న అప్‌డేట్ వచ్చింది, దాంతో తగ్గింది. నాకు వచ్చింది ఆ సరిచేసిన వెర్షనే. ఒక్కసారి కూడా తెగలేదు. నేను రోజూ లేచి తిట్టుకున్న ఆలస్యం ఇది. నా బదులు ఆయన టెస్టింగ్ చేసి పెట్టాడన్నమాట, జీతం లేకుండా.

అప్‌డేట్‌ని ఒకేసారి అందరి మీదకీ వదలరు. మొదట కొద్ది శాతం ఫోన్లకి పంపి, క్రాష్ రిపోర్టులు పెరుగుతున్నాయా, బ్యాటరీ కారిపోతోందా అని చూస్తారు. బాగుంటే ఇంకొంచెం పెంచుతారు, తేడా కొడితే ఆపేస్తారు. మనకి 'నాకింకా రాలేదు' అనిపించే రోజుల్లో కొన్ని ఈ చూడటానికి పోయినవే.

చూడకపోతే ఏమవుతుందో యాపిల్‌కి 2014 సెప్టెంబరులో తెలిసింది. ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6లలో నెట్‌వర్క్ పోయింది, వేలిముద్ర పని చేయడం మానేసింది. గంటా గంటన్నరలో వెనక్కి తీసుకున్నారు గానీ వేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. 2021 డిసెంబరు అప్‌డేట్ తర్వాత పిక్సెల్ 6లలో కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని గూగుల్ కూడా పంపకాన్ని ఆపాల్సి వచ్చింది. ఇక ఫోన్లు కాకపోయినా, 2024 జులై 19 ఎవరు మర్చిపోతారు? క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక చిన్న ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడేసింది. అది వేగంగా వెళ్ళింది. అందరికీ ఒకేసారి వెళ్ళింది. ఎవరూ ఎదురుచూడాల్సిన పని పడలేదు.

కాబట్టి కొత్త వెర్షన్ మూడు వారాలు కాదు, మూడు నెలలు ఆలస్యమైనా నాకిప్పుడు పట్టింపు లేదు. ఐకాన్లు గుండ్రంగా మారడం నెలాఖరుకి జరిగితే ఏం పోయింది? నిజానికి నోటిఫికేషన్ల తెర మార్చినప్పుడల్లా నాకు చిరాకే. ఇది కొంచెం వయసు మాట అయ్యుండొచ్చు.

చాటింపు వేశాక

అసలు విషయం రెండో ఆలస్యం, అమ్మ ఫోనుది.

2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడింది. ఫోను నంబరు తెలిస్తే చాలు, ఒక మల్టీమీడియా మెసేజ్ పంపి లోపలికి దూరొచ్చన్నారు. చాలా ఫోన్లలో ఆ మెసేజ్‌ని తెరవాల్సిన పని కూడా లేదు. ఆ దడుపులోనే ఆగస్టులో గూగుల్, శాంసంగ్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామని ప్రకటించాయి. సెట్టింగ్స్‌లో కనిపించే ఆ ప్యాచ్ తేదీ వచ్చింది ఆ రోజుల తర్వాతే.

అప్పట్నుంచీ గూగుల్ ప్రతి నెలా ఏయే లోపాలు దొరికాయో, ఎంత ప్రమాదకరమైనవో ఒక బులెటిన్ వేస్తుంది. ఫోను కంపెనీలకి కనీసం ఒక నెల ముందే చెబుతుంది, సర్దుకోవడానికి. ఆ తర్వాత సరిచేసిన కోడ్ కూడా అందరికీ కనిపించేలా పెడుతుంది. మంచి పద్ధతే. కానీ దాని అర్థం ఏమిటో ఓసారి ఆలోచించండి. ఫలానా రకం తాళం ఫలానా చోట గుచ్చితే తెరుచుకుంటుందని ఊరంతా చాటింపు వేసినట్టు. తాళం మార్చుకున్నవాళ్ళకి పర్లేదు. మారనివాళ్ళకి ఆ చాటింపు వేసిన రోజునుంచీ ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు. వెర్షన్ ఆలస్యమైతే నష్టం ఉన్నచోటే ఉంటుంది. ప్యాచ్ ఆలస్యమైతే నష్టం రోజురోజుకీ పెరుగుతుంది. రెంటినీ 'అప్‌డేట్' అనే ఒక్క పేరుతో పిలవడం దగ్గరే మనం తప్పుదారి పట్టామేమో.

ఆ తేదీని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. 2018లో జర్మనీకి చెందిన సెక్యూరిటీ రీసెర్చ్ ల్యాబ్స్ వాళ్ళు వెయ్యికి పైగా ఫోన్ల సాఫ్ట్‌వేర్‌ని తవ్వి చూశారు. తేదీ ముందుకి జరిగింది గానీ అప్పటిదాకా రావాల్సిన ప్యాచ్‌లు కొన్ని లోపల లేని ఫోన్లు వాళ్ళకి దొరికాయి. కొన్నిచోట్ల పొరపాటు కావచ్చు, కొన్నిచోట్ల ఒక్క ప్యాచ్ వేయకుండా తేదీ మాత్రమే మార్చారు. పాలిష్ పెట్టి బూటు బాగు చేశామన్నట్టు.

అడ్డం తీసేశాక

ఇంజినీరింగ్ కష్టాల సంగతి నిజమే, కానీ వాటిలో చాలావాటికి విరుగుడు కనిపెట్టారు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్, చిప్పు తాలూకు కోడ్‌నీ ఆండ్రాయిడ్ కోడ్‌నీ విడదీసి మధ్యలో గోడ కట్టింది, ఒకటి మారినా రెండోదాన్ని ముట్టుకోనక్కర్లేకుండా. 2019లో వచ్చిన మెయిన్‌లైన్‌తో సిస్టమ్‌లో కొన్ని భాగాలు ప్లే స్టోర్ ద్వారానే, ఫోను కంపెనీతో పని లేకుండా మారుతున్నాయి. ఆ తర్వాత సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని కూడా అందరికీ ఒకటే ఉండేలా తెచ్చారు.

ట్రెబుల్ కొంత భారాన్ని మాయం చేయలేదు, పక్కకి నెట్టింది. ఒక్కో చిప్పుకి ఎన్నో రకాల పాత, కొత్త కోడ్ జతలు నిలబెట్టాల్సి వచ్చి చిప్పు కంపెనీల ఖర్చు పెరిగింది. దాన్ని సర్దడానికి 2020 డిసెంబరులో గూగుల్, క్వాల్‌కామ్ కలిసి కొత్త ఒప్పందం చెప్పుకున్నాయి. అంటే ఎవరో ఒకరు కూర్చుని లెక్క తేలిస్తే కష్టం కాస్తా ఖర్చుగా మారుతుంది. ఖర్చయితే ఎవరు పెట్టుకోవాలన్నదే మిగిలిన ప్రశ్న.

దానికి జవాబు 2023 అక్టోబరులో కనిపించింది. పిక్సెల్ 8కి ఏడేళ్ళు అప్‌డేట్లని గూగుల్ చెప్పింది. నాలుగు నెలలు తిరగకుండా, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ కూడా ఏడేళ్ళంది. పన్నెండేళ్ళ ముందు స్థలం చాలదన్న కంపెనీయే ఇది. ఖరీదైన ఫోన్లని జనం ఎక్కువ కాలం వాడుతున్నారు, కాబట్టి ఏడేళ్ళు అన్న మాట పోస్టరు మీద వేసుకోవడానికి పనికొస్తుంది. అదే కంపెనీ తన మోడళ్ళని బాహాటంగానే విడదీసి జాబితా వేస్తుంది: వీటికి నెలనెలా ప్యాచ్, వీటికి మూడు నెలలకోసారి, వీటికి ఇంకా అరుదుగా. ఫోను పాతబడేకొద్దీ జాబితాలో కిందకి జారుతుంది, తర్వాత జాబితాలోంచే జారిపోతుంది. చవక ఫోను మొదట్నుంచీ కిందే ఉంటుంది.

ఇదే మాట ఫోన్ల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న ఒక స్నేహితుడితో అంటే, "చవక ఫోను మీద మాకు మిగిలేదెంత? మూడేళ్ళ తర్వాత ఆ మోడల్ మీద కూర్చునే టీముకి జీతాలెవరిస్తారు? నువ్వు కడతావా ప్యాచ్‌కింతని?" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను కట్టను. అమ్మకి ఆ ఫోను కొన్నది నేనే. కెమెరా చూశాను, బ్యాటరీ చూశాను, రంగు కూడా అడిగాను. ఎన్నేళ్ళు ప్యాచ్‌లొస్తాయో అడగాలని తోచనే లేదు. మనం అడగని దానికి వాళ్ళు డబ్బు పెట్టలేదు. ఆ వాదనకి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆపేశామని చెప్పడానికి ఖర్చెంత?

జవాబు లేకపోయినా ఒక ప్రశ్న ఉంది. సరే, ఆపేశారు. ఆపేశామని ఆ తెర మీద ఒక్క వాక్యం రాయడానికి ఎంతమంది ఇంజినీర్లు కావాలి?

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూలు వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. సెక్యూరిటీ ప్యాచ్ నాలుగు నెలల్లోపు, కొత్త ఫీచర్లు ఆరు నెలల్లోపు ఇవ్వాలి. మంచిదే. కానీ చాటింపు వేశాక నాలుగు నెలలు చాలా ఎక్కువ. బ్రిటన్‌ది అంతకంటే చిన్న రూలు, 2024 ఏప్రిల్ 29 నుంచి ఉంది. ఇన్నేళ్ళు ఇవ్వాలని అది అనదు, ఎప్పటిదాకా ఇస్తారో ప్రకటించండి చాలు అంటుంది. నాకు ఈ చిన్నదే నచ్చింది. కాకపోతే ఆ ప్రకటన ఎక్కడో వెబ్‌సైట్‌లో, అమ్మేటప్పుడు ఉంటుంది. రెండేళ్ళు పోయాక ఫోను తెర మీద మళ్ళీ పచ్చ టిక్కే.

దీనికి ఎదురు వాదన నాకు నేనే చెప్పుకున్నాను. 'మీ ఫోను గడువు అయిపోయింది' అని ఫోనే చెబితే జనం భయపడి బాగా పని చేస్తున్న ఫోన్లు పారేస్తారు. కంపెనీకి అంతకంటే కావాల్సిందేముంది? హెచ్చరిక కాస్తా కొత్త ఫోను ప్రకటన అయిపోతుంది. పాత బ్యాటరీలున్న ఐఫోన్లని నెమ్మది చేశామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకున్నప్పుడు జనం మండిపడింది ఇలాంటి అనుమానంతోనే. కొట్టిపారేయదగ్గ వాదన కాదు.

కానీ విండోస్ 10 ఏమైందో చూడండి. 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ముందే తేదీ చెప్పింది, తెర నిండా నోటీసులు వేసింది. జనం తిట్టారు, వినియోగదారుల సంఘాలు గొడవ చేశాయి. ఆఖరికి ఇళ్ళలో వాడేవాళ్ళకి కూడా ఇంకో ఏడాది సెక్యూరిటీ ప్యాచ్‌లు తీసుకునే దారి పెట్టారు. తేదీ తెలిసింది కాబట్టే గొడవ చేయగలిగారు. అమ్మ ఫోనుకి ప్యాచ్‌లు ఆగిపోయిన నెలలో ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియలేదు.

ఆ బ్యాంకు యాప్‌ని అందులోంచి తీసేశాను. బీరువాలో పడున్న నా పాత ఫోనుకి ఇంకా ప్యాచ్‌లు వస్తున్నాయి, దాన్ని తుడిచి అమ్మకిచ్చాను. కంపెనీ వెబ్‌సైట్‌లో అరగంట వెతికితే దానికి ఆఖరి ప్యాచ్ ఎప్పుడో దొరికింది. ఆ తేదీని తెల్ల టేపు ముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఫోను వెనక అంటించాను. అమ్మ దాన్ని వెలుతురులోకి పెట్టి చదివి, "ఇదేంట్రా, మందు సీసా మీద రాసినట్టు?" అంది.